ఎక్స్‌రే చిత్రంలో స్పష్టత, రూపవికృతి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలోని డయాగ్నొస్టిక్ సెంటర్లలో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, గుంటూరులో డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా) చదువుతున్న విద్యార్థులు, ఫిల్ము చేతపట్టుకొని వచ్చే రోగుల బంధువులు నన్ను ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఈ పనిలో నేను అన్నిటికంటే గట్టిగా నమ్మే విషయం ఒకటుంది. చిత్రం బాగుంటుందా లేదా అన్నది మీట నొక్కడానికి ముందే, కిరణాలు వెలువడే ట్యూబును, శరీర భాగాన్ని, కిరణాలను అందుకునే డిటెక్టరును ఒకదాని ఎదుట ఒకటి ఎలా నిలబెట్టామన్న దాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది. అందుకే ఈ సమాధానాల్లో యంత్రం ధర గురించి తక్కువగానూ, దూరాలూ కోణాల గురించి ఎక్కువగానూ కనిపిస్తుంది.

ఎక్స్‌రే అంటే శరీరం లోపలి ఫొటో అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఫొటోలో కటకం ఉంటుంది. అది వెలుతురును ఒకచోటికి చేర్చి బొమ్మను తీర్చిదిద్దుతుంది. ఎక్స్‌రేలో కటకం లేదు. అక్కడ పడేది నీడ మాత్రమే. మన తోలుబొమ్మలాటను గుర్తు చేసుకుంటే ఈ విషయం ఎంతో తేలికగా అర్థమవుతుంది. బొమ్మను తెరకు ఆనించి ఆడించినప్పుడు దాని కిరీటంలోని చిల్లులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అదే బొమ్మను తెర నుంచి వెనక్కి, దీపం వైపు జరిపితే నీడ పెరుగుతుంది, అంచులు అలుక్కుపోతాయి. బొమ్మను పక్కకు వంచితే మనిషి సన్నబడినట్టు కనిపిస్తాడు. దీపం స్థానంలో ఎక్స్‌రే ట్యూబును, బొమ్మ స్థానంలో ఎముకను, తెర స్థానంలో డిటెక్టరును ఊహించుకుంటే ఈ పేజీలోని విషయమంతా మీ కళ్ల ముందే ఉన్నట్టు. 1895 డిసెంబరు 22న రాంట్‌జెన్ తన భార్య చేతిని తీసిన తొలినాటి చిత్రం నుంచి నేటి డిజిటల్ చిత్రం దాకా ఈ నీడ సూత్రం మారలేదు.

స్పష్టత, కాంట్రాస్టు ఒకటేనా?

రెండూ వేరు. ఒక ఎముక అంచు దగ్గర తెలుపు ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు తెలిస్తే ఆ చిత్రానికి స్పష్టత ఉన్నట్టు. ఆ తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా ఎంత ఉందన్నది కాంట్రాస్టు. లావుపాటి రోగి పొట్ట ఎక్స్‌రేలో చెదిరిన కిరణాల వల్ల చిత్రమంతా బూడిద రంగు పరుచుకున్నప్పుడు పోయేది ప్రధానంగా కాంట్రాస్టు. దానికి మందు కొలిమేటరును (కిరణాలు పడే మేరను కుదించే తలుపులను) బిగించి అవసరమైన మేరకే కిరణాలు పడేలా చూడటం, గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే సీసపు పట్టీల జల్లెడ) వాడటం. రోగి కదలడం వల్ల అంచులు అలుక్కుపోతే గ్రిడ్ ఏమీ చేయలేదు. మసకకు కారణం ఏదో తేల్చుకోకుండా ఎక్స్‌పోజరు పెంచి మళ్లీ తీసేవారిని చాలామందిని చూశాను. అలా చేస్తే రోగికి రేడియేషన్ రెట్టింపు అవుతుందే తప్ప అంచు తేటపడదు.

ఫోకల్ స్పాట్ చిన్నదైతే చిత్రం ఎందుకు స్పష్టంగా వస్తుంది?

ట్యూబులో ఎలక్ట్రాన్లు వచ్చి యానోడు అనే లోహపు భాగాన్ని తాకే చిన్న ప్రదేశం నుంచే ఎక్స్ కిరణాలు పుడతాయి. దాన్నే ఫోకల్ స్పాట్ లేదా ఫోకస్ అంటారు. అది సూదిమొనలా ఉంటే ప్రతి అంచుకూ ఒకే నీడ పడేది. కానీ దానికి కొంత వెడల్పు తప్పదు. సాధారణ యంత్రాల్లో చిన్న ఫోకస్ 0.6 మి.మీ., పెద్ద ఫోకస్ 1.2 మి.మీ. దాకా ఉంటాయి, రొమ్ము పరీక్ష చేసే మామోగ్రఫీ యంత్రంలో 0.3 మి.మీ., 0.1 మి.మీ. ఫోకస్‌లు ఉంటాయి. ఆ వెడల్పులోని ఒక్కొక్క బిందువు ఒక్కొక్క చోట నీడ వేయడం వల్ల అసలు నీడ చుట్టూ పలచని పాక్షిక ఛాయ ఏర్పడుతుంది. గ్రహణాల పాఠంలో బడిలో చదువుకున్న పాక్షిక ఛాయ ఇదే.

అలాగని ప్రతిదానికీ చిన్న ఫోకస్ వాడలేం. అంత చిన్న చోట ఎక్కువ కరెంటు పెడితే యానోడు వేడికి దెబ్బతింటుంది కాబట్టి, చిన్న ఫోకస్‌తో తక్కువ ఎంఏ (మిల్లీ ఆంపియర్లలో ట్యూబు కరెంటు) మాత్రమే ఇవ్వగలం, అప్పుడు సమయం పెరుగుతుంది. కదలకుండా బల్ల మీద పెట్టగల చేతికీ, మణికట్టుకూ, పాదానికీ చిన్న ఫోకస్ మేలు. ఛాతీకీ, పొట్టకూ, ఏడ్చే పిల్లలకూ పెద్ద ఫోకస్‌తో క్షణకాలంలో ముగించడమే మేలు.

దూరాల లెక్క కాస్త అంకెలతో చెబుతారా?

తప్పకుండా. మసక వెడల్పు కావాలంటే ఫోకల్ స్పాట్ వెడల్పును, శరీర భాగానికీ డిటెక్టరుకూ మధ్య ఉన్న దూరంతో గుణించి, ఫోకల్ స్పాట్‌కూ శరీర భాగానికీ మధ్య ఉన్న దూరంతో భాగించాలి. ట్యూబు 100 సెం.మీ. దూరంలో ఉంది, ఫోకస్ 1.2 మి.మీ., ఎముక డిటెక్టరుకు 10 సెం.మీ. ఎడంగా ఉంది అనుకుందాం. 1.2ను 10తో గుణించి 90తో భాగిస్తే సుమారు 0.13 మి.మీ. మసక వస్తుంది. అదే ఎముకను డిటెక్టరుకు 2 సెం.మీ. దగ్గరికి తెస్తే మసక 0.02 మి.మీ.కు పడిపోతుంది. ఎముకను జరపడం కుదరక ట్యూబునే 180 సెం.మీ.కు తీసుకెళితే 0.07 మి.మీ. అవుతుంది. యంత్రం మార్చలేదు, ఖర్చు పెట్టలేదు. ఒక దూరం తగ్గించాం లేదా మరొకటి పెంచాం, అంతే.

నీడ ఎంత పెరుగుతుందో కూడా ఈ దూరాలే చెబుతాయి. ట్యూబు నుంచి డిటెక్టరుకు ఉన్న దూరాన్ని ట్యూబు నుంచి శరీర భాగానికి ఉన్న దూరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెరిగిందో తెలుస్తుంది. అన్ని పరీక్షలకూ ట్యూబును దూరంగా పెట్టేయకపోవడానికి కారణం ఏమిటంటే, దూరం పెరిగేకొద్దీ కిరణాల తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 100 సెం.మీ. నుంచి 180 సెం.మీ.కు వెళితే డిటెక్టరుకు అంతే కిరణాలు అందడానికి ఎంఏఎస్‌ను (ఎంఏను సెకన్లతో గుణించిన విలువను) 3.24 రెట్లు చేయాలి. ఊపిరితిత్తుల్లో గాలి ఉండటం వల్ల ఛాతీకి ఇది భరించదగినదే. నడుముకు ఇంత దూరం పెడితే సమయం పెరిగి, కదలిక వల్ల వచ్చే మసక లాభాన్నంతా మింగేస్తుంది.

ఛాతీ ఎక్స్‌రేకు వీపు ట్యూబు వైపు పెట్టి, రొమ్ము స్టాండుకు ఆనించమని ఎందుకు అంటారు?

గుండె ఛాతీలో ముందు వైపుకు ఉంటుంది కాబట్టి. రొమ్మును స్టాండుకు ఆనిస్తే గుండె డిటెక్టరుకు దగ్గరవుతుంది, నీడ అసలు కొలతకు దగ్గరగా పడుతుంది. కిరణం వీపు నుంచి రొమ్ము వైపుకు పోయే ఈ పద్ధతినే పీఏ వ్యూ అంటారు. 12 సెం.మీ. వెడల్పున్న గుండె ఒకటి ఉందనుకోండి. 180 సెం.మీ. దూరం నుంచి, గుండె డిటెక్టరుకు 8 సెం.మీ. ఎడంగా ఉండేలా పీఏ తీస్తే చిత్రంలో అది సుమారు 12.6 సెం.మీ. కనిపిస్తుంది. అదే గుండెను మంచం మీద పడుకోబెట్టి, 100 సెం.మీ. దూరం నుంచి, వీపు కింద డిటెక్టరు పెట్టి ఏపీ (కిరణం ముందు నుంచి వీపు వైపుకు) తీస్తే గుండె 17 సెం.మీ. ఎడంగా ఉండి దాదాపు 14.5 సెం.మీ. కనిపిస్తుంది. జబ్బేమీ లేకుండానే గుండె దాదాపు రెండు సెంటీమీటర్లు పెరిగినట్టు!

చేతులు నడుము మీద పెట్టి భుజాలు ముందుకు వంచమనడం రెక్క ఎముకల నీడ ఊపిరితిత్తుల మీద పడకుండా ఉండటానికి. కంఠం కింది ఎముకల లోపలి కొసలు రెండూ వెన్నుపూస ముల్లుకు సమాన దూరంలో ఉంటే రోగి తిన్నగా నిలబడ్డాడని అర్థం. ఒకవైపు తిరిగి ఉంటే గుండె రూపమూ, ఊపిరితిత్తుల తెల్లదనమూ రెండూ తప్పుదారి పట్టిస్తాయి.

మా నాన్నగారికి ఐసీయూలో తీసిన ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా ఉందని అన్నారు, నెల తర్వాత బయట తీయిస్తే మామూలుగా ఉంది. ఏది నమ్మాలి?

రెండూ వాటి వాటి పరిస్థితుల్లో నిజమైన చిత్రాలే. మొదటిది పోర్టబుల్ యంత్రంతో పడుకోబెట్టి తీసినది కావచ్చు. పైన చెప్పిన పెరుగుదలకు తోడు, పడుకున్న మనిషి ఊపిరి పూర్తిగా పీల్చలేడు, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే పొర (డయాఫ్రం) పైకి లేచి గుండెను అడ్డంగా పరుస్తుంది. గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగాన్ని మించకూడదన్న లెక్క నిలబెట్టి తీసిన పీఏ చిత్రానికి చెందినది. దాన్ని పడుకోబెట్టి తీసిన చిత్రానికి అలాగే వర్తింపజేస్తే చాలామంది రోగులకు లేని గుండె జబ్బును అంటగట్టినట్టవుతుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో గుంటూరు మిర్చి యార్డులో మూటలు మోసే పెద్దాయన ఒకరు దగ్గుతో ఒక ఆసుపత్రిలో చేరారు. మంచం మీదే తీసిన ఫిల్ము మీద ఏపీ అన్న గుర్తు వేయడం నేను మరిచిపోయాను. గుండె పెరిగిందని విని ఆ ఇంటివాళ్లు రెండు రోజులు తిండి మానేశారు. ఆయన లేచి నిలబడగలిగాక పీఏ తీస్తే గుండె మామూలుగానే ఉంది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఏ వ్యూ, పడుకునా కూర్చునా, ఎంత దూరం నుంచి అన్నవి చిత్రం మీద లేకుండా ఒక్క ఫిల్ము కూడా నా చేతి నుంచి బయటకు వెళ్లలేదు. మీరు డాక్టరుగారికి చూపించేటప్పుడు రెండు ఫిల్ములూ తీసుకెళ్లండి, మొదటిది ఏ స్థితిలో తీశారో చెప్పండి. తుది మాట వారిదే.

స్పష్టతకు అన్నిటికంటే పెద్ద శత్రువు ఏది?

కదలిక. ఇందులో నాకు సందేహం లేదు. పైన లెక్కించిన ఫోకల్ స్పాట్ మసక 0.13 మి.మీ. ఇప్పుడు ఒక పిల్లవాడు చేతిని సెకనుకు 2 సెం.మీ. వేగంతో జరిపాడనుకోండి, అది చాలా నెమ్మదైన కదలికే. ఎక్స్‌పోజరు సమయం 0.1 సెకను అయితే చెయ్యి 2 మి.మీ. జరిగిపోతుంది. ఫోకల్ స్పాట్ వల్ల వచ్చే మసక కంటే అది పదిహేను రెట్లు. 0.02 సెకనులో ముగిస్తే 0.4 మి.మీ.తో సరిపోతుంది. 10 ఎంఏఎస్ కావాలంటే 100 ఎంఏను 0.1 సెకను ఇవ్వవచ్చు, 500 ఎంఏను 0.02 సెకను ఇవ్వవచ్చు. డిటెక్టరుకు అందే కిరణాలు సమానం, మసక అయిదో వంతు. యంత్రానికి అంత ఎంఏ లేకపోతే కేవీపీని (ట్యూబు వోల్టేజీని) 15 శాతం పెంచితే ఎంఏఎస్‌ను సుమారు సగానికి తగ్గించవచ్చు. కాంట్రాస్టు కొంత తగ్గుతుంది, కానీ వణికే ముసలివారి విషయంలో అది మంచి బేరం.

యంత్రం మీటల కంటే ముందు చేయవలసింది రోగితో మాట్లాడటం. "ఊపిరి బిగపట్టండి" అని ఒక్కసారి అరిచి మీట నొక్కితే సగం మంది ఊపిరి పీల్చే మధ్యలో ఉంటారు. ఒకసారి చేసి చూపించి, రోగి చేత చేయించి, "గాలి గట్టిగా పీల్చండి, ఆపండి" అన్నాక రోగి ఛాతీ నిశ్చలంగా ఉందని కళ్లతో చూసి మీట నొక్కాలి. చెవుడున్నవారికి చేతి సైగ ముందే నేర్పాలి. దగ్గు తెరలు తెరలుగా వచ్చే రోగిని ఒక తెర అయిపోయాక ఉండే విరామంలో పట్టుకోవాలి. విరిగిన చేతిని గాల్లో ఎత్తి పట్టుకోమంటే నొప్పికి వణుకుతుంది. కింద ఇసుక సంచీ, స్పాంజి దిమ్మె పెట్టి ఆసరా ఇస్తే నిలుస్తుంది. పిల్లవాణ్ని పట్టుకోవలసివస్తే గర్భంతో లేని బంధువుకు లెడ్ ఏప్రాన్ తొడిగించి పట్టించాలి. గుండె కొట్టుకోవడం మాత్రం మన మాట వినదు, దానికి తక్కువ సమయం ఒక్కటే విరుగుడు.

డీఆర్ (డిజిటల్ రేడియోగ్రఫీ) యంత్రం కొంటే మసక సమస్య తీరిపోతుందా?

కొంతవరకే. డిజిటల్ డిటెక్టరు చిత్రాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి చదువుతుంది. గడి వెడల్పు 0.1 మి.మీ. అయితే ఒక మిల్లీమీటరులో గరిష్ఠంగా 5 గీతల జతలను విడదీసి చూపగలదు, 0.2 మి.మీ. అయితే 2.5 జతలే. దానికంటే సన్నని వివరం చిత్రంలో ఉండదు, దాన్ని ఎంత పెద్దది చేసి చూసినా రాదు. గడి చిన్నదైనంత మాత్రాన స్పష్టత తప్పనిసరిగా పెరగదు కూడా, ఎందుకంటే కిరణాలు తగిలి పుట్టిన వెలుతురు ఫాస్ఫర్ పొరలో పక్కలకు పరుచుకుంటుంది. సీజియం అయోడైడు పొరను సూదుల్లాంటి స్ఫటికాలతో చేయడం వల్ల వెలుతురు ఆ సూదుల వెంటే కిందికి దిగి పక్కలకు తక్కువగా పోతుంది. సీఆర్ (కంప్యూటెడ్ రేడియోగ్రఫీ) క్యాసెట్లు వాడేవారికి ఒక మాట. కొన్ని సీఆర్ యంత్రాల్లో పెద్ద క్యాసెట్‌ను పెద్ద గడులతో చదువుతారు. అటువంటి చోట వేలి ఎక్స్‌రేను అతి పెద్ద క్యాసెట్ మీద తీయడం వివరాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే.

ఎంత మంచి డిటెక్టరైనా రోగి కదిలితే 2 మి.మీ. మసకను ఎంతో నాణ్యంగా చూపిస్తుంది.

సాఫ్ట్‌వేరుతో మసక చిత్రాన్ని సరిచేయలేమా?

అంచుల దగ్గర తెలుపు నలుపుల తేడాను పెంచి కంటికి పదునుగా కనిపించేలా చేయవచ్చు. పోయిన వివరం అందులో తిరిగి రాదు. అతిగా చేస్తే ప్రమాదం కూడా ఉంది. తుంటిలో అమర్చిన లోహపు కీలు చుట్టూ సన్నని నల్లటి గీత పుట్టుకొస్తుంది, అది చూసి కీలు వదులైందేమోనని సందేహించే వీలుంది. గరుకుగా, ఇసుక చల్లినట్టు కనిపించే చిత్రంలో లోపం కిరణాలు తక్కువ అందడం. దాన్ని పదును పెడితే ఇసుక ఇంకా పెరుగుతుంది.

ఎముక పొడుగ్గానో, కురచగానో కనిపించడానికి కారణమేమిటి?

ఎముక డిటెక్టరుకు సమాంతరంగా లేకపోతే నీడ కురచబడుతుంది. 40 సెం.మీ. తొడ ఎముక 30 డిగ్రీలు వాలి ఉంటే, పెరుగుదల లెక్కను పక్కన పెడితే, నీడ 35 సెం.మీ. లోపే పడుతుంది. మోకాలు ముడుచుకుపోయిన వృద్ధులకు ఇది తరచుగా జరుగుతుంది. ఎముక సరిగానే ఉన్నా ట్యూబు వాలితే నీడ సాగుతుంది. నీడలో అసలు ఆకారం ఇలా మారిపోవడాన్నే రూపవికృతి అంటాం. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడిచేటప్పుడు మన నీడ మన కంటే పొడుగ్గా సాగడం చూస్తూనే ఉంటాం.

మూడో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. ట్యూబు నుంచి కిరణాలు గొడుగులా విచ్చుకుంటాయి, నడిమి కిరణం ఒక్కటే డిటెక్టరును నిటారుగా తాకుతుంది. నడిమికి దూరంగా ఉన్న భాగాల గుండా కిరణాలు ఏటవాలుగా పోతాయి. రెండు మోకాళ్లనూ ఒకే ఫిల్ములో తీయమని అడిగేవారు మన దగ్గర ఎక్కువ. అప్పుడు నడిమి కిరణం రెండింటి మధ్య ఖాళీలో పడుతుంది, ఏ మోకాలికీ నేరుగా పడదు. నిలువునా కూడా కీలు ఎత్తుకు సరిగ్గా పెట్టకుండా పైకో కిందికో పెడితే, కీలు సందు ఏటవాలు కిరణాల వల్ల మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. అరుగుదల ఎంతో కొలిచే ఎక్స్‌రేలో ఇది చిన్న పొరపాటు కాదు. వెన్నెముక ఎక్స్‌రేలో నడుమ ఉన్న పూసల సందులు తెరుచుకొని, పై చివర, కింది చివర ఉన్నవి మూసుకుపోయినట్టు కనిపించడానికీ ఇదే కారణం.

రూపవికృతి ఎప్పుడూ దోషమేనా?

కాదు. మణికట్టులోని స్కఫాయిడ్ ఎముక సహజంగానే ఏటవాలుగా ఉంటుంది, మామూలు వ్యూలో కురచగా పడి దానిలోని సన్నని పగులు దాగిపోతుంది. చేతిని చిటికెనవేలి వైపు వంచి, ట్యూబును మోచేతి వైపు కొద్దిగా వాల్చి తీస్తే ఎముక సాగి పగులు బయటపడుతుంది. క్షయ అనుమానంతో ఊపిరితిత్తుల కొసలు చూడవలసివస్తే రోగిని వెనక్కి వాల్చి కంఠం ఎముకల నీడను పైకి తోసేస్తాం. తెలిసి చేసిన వికృతి ఒక పనిముట్టు.

దంతవైద్యంలోనూ ఇటువంటి లెక్కే ఉంది. నోట్లో ఫిల్మును పంటికి సమాంతరంగా పెట్టే వీలు లేనప్పుడు, పంటి నిలువు గీతకూ ఫిల్ముకూ మధ్య కోణాన్ని రెండు సమభాగాలు చేసే గీతకు లంబంగా కిరణాన్ని పంపితే పంటి పొడవు సరిగ్గా పడుతుంది. కిరణం మరీ నిటారుగా దిగితే వేరు కురచబడుతుంది, మరీ పడుకుంటే సాగుతుంది.

ఫిల్ము మీద స్కేలు పెట్టి ఎముకను కొలవవచ్చా?

వద్దు. నీడ పెరగడం ఒకటి, ప్రింటరు చిత్రాన్ని చిన్న ఫిల్ములో పట్టేలా కుదించడం మరొకటి. తుంటి మార్పిడికి కీలు పరిమాణం ఎంచుకునేటప్పుడు 25 మి.మీ. లోహపు గుండును తుంటి ఎముకతో సమానమైన ఎత్తులో పెట్టి తీస్తారు. చిత్రంలో గుండు 30 మి.మీ. ఉంటే పెరుగుదల 1.2 రెట్లని తెలుస్తుంది. గుండును బల్ల మీదే పెట్టేస్తే లెక్కంతా తప్పుతుంది.

ఫిల్మును ట్యూబ్ లైటుకు పట్టి ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపితే చాలదా?

ఏ ఎముక విరిగిందో స్థూలంగా చెప్పడానికి పనికొస్తుంది. కానీ ఫోనును ఏటవాలుగా పట్టుకుంటే కొత్త రూపవికృతి చేరుతుంది, వాట్సాప్ చిత్రాన్ని కుదించి పంపుతుంది, సన్నని పగులు వంటివి అందులో పోతాయి. సెంటరు వారిని అడిగి డైకామ్ ఫైలును (యంత్రం నుంచి వచ్చే అసలు చిత్రాన్ని) సీడీలో గానీ లింకు రూపంలో గానీ తీసుకొని పంపడం సరైన పద్ధతి.

యంత్రంలోనే లోపం ఉందని ఎలా తెలుస్తుంది?

అందరు రోగుల చిత్రాల్లోనూ ఒకే రకమైన మసక వస్తే యంత్రాన్ని అనుమానించాలి. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం రెండేళ్లకొకసారి నాణ్యత పరీక్షలు చేయించాలి. వాటిలో ఫోకల్ స్పాట్ పరిమాణం, నడిమి కిరణం నిటారుగా ఉందా, కొలిమేటరు దీపం చూపే చతురస్రమూ కిరణాలు పడే చతురస్రమూ ఒకటేనా అన్నవి చూస్తారు. ఈ చివరి తేడా దూరంలో 2 శాతాన్ని మించకూడదు, అంటే 100 సెం.మీ.కు 2 సెం.మీ. దీన్ని మీరే డిటెక్టరు మీద నాలుగు నాణేలను వెలుతురు అంచుల వెంట పెట్టి ఒక ఎక్స్‌పోజరు ఇచ్చి చూసుకోవచ్చు. ట్యూబు స్టాండు వదులై మీట నొక్కినప్పుడు వణకడం పాత యంత్రాల్లో నేను చూసిన మరో కారణం.

చిత్రం కాస్త మసకగా వచ్చింది. మళ్లీ తీయాలా?

డాక్టరుగారు ఏ ప్రశ్నకు సమాధానం కోసం రాశారో ముందు చీటీ చూడండి. న్యుమోనియా తగ్గిందో లేదో చూడటానికి తీసిన పిల్లవాడి ఛాతీలో పక్కటెముకల అంచులు కొద్దిగా అలుక్కున్నా, ఊపిరితిత్తుల తెల్లదనం తెలుస్తోందంటే ఆ పిల్లవాడికి మరో ఎక్స్‌పోజరు ఇవ్వవలసిన పని లేదు. బైకు మీద నుంచి పడి మణికట్టు నొప్పితో వచ్చిన యువకుడి చిత్రంలో ఎముక పైపొర గీత తెలియకపోతే మాత్రం తీయవలసిందే. అయితే చెయ్యి ఎందుకు కదిలిందో కనుక్కొని, కింద స్పాంజి పెట్టి, సమయం తగ్గించిన తర్వాతే మీట దగ్గరికి వెళ్లండి.